మా పడవ వంతు

నా మొగుడు చాలా మంచివాడు. ఈ రేవులో ఎవర్నడిగినా అదే చెబుతారు. ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన పేరు ముసల్లం, నా పేరు రాయా. సూర్ పట్నానికి దక్షిణాన ఉన్న ఈ చిన్న రేవులోనే పుట్టాడు, ఇక్కడే పడవ నడుపుతున్నాడు. మా ఒడ్డు నిటారుగా ఉంటుంది, ఇసుక పిండిలా మెత్తన. పడవని పైకి చేర్చడం వట్టి మనుషుల వల్ల కాదు, బండి ఉండాల్సిందే. మా బండికి ఇరవై ఆరేళ్ళు. నాలుగు చక్రాలూ లాగే పెద్ద పెట్రోలు బండి, మా మామగారు కొన్నది. ఉప్పుగాలికి తలుపులు తుప్పు తినేశాయి. వెనక సీటు పీకేసి వలలు పడేసుకుంటాం.

పోయినేడు సముద్రం పొంగినప్పుడు ఆ బండి మా పడవని సగం దాకా లాగి, ఆయాసపడి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసేలోపు అల వచ్చి పడవని పక్కకి పడేసింది. అడుగు చీలింది. రెండు నెలలు అతుకులు వేసుకుంటూ కూర్చున్నాం. చేపలవాళ్ళ ఇంట్లో రెండు నెలలు ఎండు సొరచేపతో అన్నం తిన్నామంటే ఎవరైనా నవ్విపోతారు. మా కూతురు అజ్జా ఒక్కతే నవ్వలేదు. దానికి ఏడేళ్ళు, రోజూ కంచం ముందు ఏడిచేది.

అందుకని సూపర్‌చార్జర్ పెట్టించాడు ముసల్లం. ఇంజిన్ పక్కన బిగించే యంత్రం అది. బెల్టుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోస్తుంది, దాంతో ఇంజిన్‌కి ఎక్కడలేని బలం వస్తుంది. సూర్ షెడ్లలో పనిచేసే పఠాన్ మెకానిక్ షేర్‌దిల్, ఎవడిదో పాడైపోయిన బండిలోంచి ఒకటి ఊడదీసి తెచ్చాడు. పది రోజులు పట్టింది బిగించడానికి. బండి తెచ్చుకునే రోజు నేనూ వెళ్ళాను.

"చూడు ముసల్లం భాయ్," అన్నాడు షేర్‌దిల్ చేతులు తుడుచుకుంటూ. "ఇది కుర్రాడికి పోసే మందు, మనం ముసలాడికి పోశాం. లాగుతుంది, భేషుగ్గా లాగుతుంది. కానీ ఇసుకలో మెల్లగా లాగేటప్పుడు ఇంజిన్‌కి గాలి తగలదు, వేడెక్కిపోతుంది. మూడు పడవలు లాగావా, ఆపెయ్. బానెట్ ఎత్తి అరగంట చల్లారనియ్. అలాగే నాలుగోదానికి పోయావంటే ఇంజిన్ హెడ్డు పగిలిపోతుంది. పోయాక నా దగ్గరకొచ్చి ఏడవకు."

"సరే సరే."

"నువ్వు విన్నావా అమ్మా?" అని నా వైపు తిరిగాడు.

"నేను విన్నాను బాబూ. ఆయన చెవుల సంగతి నాకు తెలీదు," అన్నాను.

మొదటిరోజు మా పడవని కట్టి లాగుతుంటే చూడాలి! బండి సన్నగా ఈల వేసినట్టు కూసింది. పడవ నీళ్ళలోంచి జర్రున పైకొచ్చేసింది. పక్కింటి ముసలి ఖల్ఫాన్ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమిరా ముసల్లం, తాతకి రెండో పెళ్ళి చేశావటగా!"

"చేశాను బాబాయ్. నీక్కూడా ఓ సంబంధం చూడమంటావా?"

"చూడు చూడు, పిన్నికి మాత్రం చెప్పకు!"

ఒడ్డంతా నవ్వులే నవ్వులు. నేనూ నవ్వాను. ఇంక మా పడవకి భయం లేదనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

మా వైపు ఫజా అని ఒకటుంది. కష్టంలో ఉన్నవాడు "ఫజా!" అని కేకేస్తే, విన్నవాడు ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నా వదిలేసి పరిగెత్తాలి. రాననకూడదు. డబ్బు పుచ్చుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, సాయానికి వచ్చినవాడు తన పని చివర చూసుకోవాలి. ముందు తనది చక్కబెట్టుకుంటే వాడంత నీచుడు ఇంకోడు లేడు. మంచి ఆచారమే, కాదనను. కానీ బలం ఉన్న బండి రేవు మొత్తానికి ఒక్కటే ఉంటే? ఇదివరకు రెండు మూడు చిన్న పికప్పులు కలిపి కట్టి ఎలాగో లాక్కునేవాళ్ళు. సూపర్‌చార్జర్ వచ్చాక అందరికీ బద్ధకం పట్టింది. "ముసల్లం! ఫజా!" అంతే. ఇదీ ఒక మాటేనా, దాహం వేస్తే నీళ్ళడిగినట్టు!

అందరికంటే ఎక్కువ కేకలేసేది హుమైద్. మా ఆయన చిన్నాన్న కొడుకు. సూర్‌లో రెండు దుకాణాలున్నాయి. ఇక్కడ పడవ ఉందిగానీ ఎప్పుడూ ఎక్కడు, జీతగాళ్ళు నడుపుతారు. ఈ ఏడే తెల్లగా మెరిసే కొత్త బండి కొన్నాడు. మా బండికి రెండింతలు బలం ఉన్నది. ఇసుకలోకి మాత్రం దించడు, పై రోడ్డుమీదే నిలబెట్టి కేకేస్తాడు.

తుఫాను వస్తుందని రెండ్రోజుల ముందునుంచీ చెబుతూనే ఉన్నారు, పక్కకి పోతుందని కూడా చెప్పారు. పోలేదు. మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యేసరికి నీళ్ళు నల్లబడి, అలలు మనిషెత్తు లేస్తున్నాయి. ఎనిమిది పడవలు నీళ్ళలోనే ఉన్నాయి. అజ్జాని మా అమ్మ దగ్గర వదిలి నేనూ ఒడ్డుకి పరిగెత్తాను. ముసల్లం బండి స్టార్టు చేసి కూర్చున్నాడు. నేను కిటికీ పట్టుకున్నాను.

"ఈ ఒక్కసారికి ముందు మనది లాగెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను. పది నిమిషాల పని."

"ముందు నాది లాక్కుంటే రేపు మసీదులో ఎవరి పక్కన నిలబడను రాయా?"

"పడవ పోతే ఎవరి పక్కన నిలబడితే ఏంటి?"

"మూడు లాగి, ఆపి, చల్లారనిచ్చి మనది లాగుతాను. సరేనా?"

సరే అన్నాను. ఆ మాట నమ్మాను. అప్పుడే రోడ్డుమీంచి కేక: "ముసల్లం అన్నా! ఫజా!" ఇంకెవరు, హుమైదే.

మొదటిది హుమైద్ పడవ. రెండోది అబూ సైఫ్‌ది. మూడోది ఖల్ఫాన్ బాబాయ్‌ది. మూడూ పైకి చేరాయి. నేను బండికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఆపు. బానెట్ ఎత్తు."

ఆయన నా వైపు చూళ్ళేదు. నీళ్ళలో నాలుగో పడవ తాడు పట్టుకుని ఇద్దరన్నదమ్ములు నడుములోతు అలల్లో అరుస్తున్నారు. "ఫజా! ముసల్లం, త్వరగా!"

"మనుషులు నీళ్ళలో ఉన్నారు. పక్కకి జరుగు."

జరిగాను. ఇంకేం చెయ్యను, బండి కింద పడనా? నాలుగోది వచ్చింది. ఐదోది వచ్చింది. వాళ్ళని వదిలేసి బానెట్ ఎత్తుకుని కూర్చోమని నేనైనా ఎలా చెప్పను! ఆరోదానికి వేడి ముల్లు ఎర్రగీత దాటింది. ఏడోదానికి బండిలోంచి బెల్లం కాగుతున్నట్టు తియ్యటి వాసన వచ్చింది. రేడియేటర్ నీళ్ళు మరిగిపోతే వచ్చే వాసన అదేనని తర్వాత తెలిసింది. ఒడ్డుమీద ఉన్నవాళ్ళకి మాత్రం అదేం పట్టలేదు. ఎవడి పడవని వాడు మేకులకి కట్టుకుంటున్నాడు.

ఎనిమిదోది మాది. ముసల్లం క్యాన్‌తో నీళ్ళు పోశాడు, సగం ఆవిరై మొహాన కొట్టాయి. తాడు కట్టాడు. "యా అల్లాహ్," అని గేరు వేశాడు. బండి కూసింది. పడవ కదిలింది. రెండు బారలు పైకొచ్చింది. అంతే, లోపల ఏదో పగిలినట్టు చప్పుడై కూత ఆగిపోయింది. వెనకనుంచి తెల్లటి పొగ కమ్మేసింది. ముసల్లం తాళం తిప్పుతూనే ఉన్నాడు. చచ్చినదాన్ని ఎన్నిసార్లు తిప్పితే మాత్రం ఏం లాభం?

అప్పుడు నేను కేకేశాను. ఈ రేవులో ఆడది ఫజా అని కేకెయ్యగా ఎవరూ విని ఉండరు. గొంతు చిరిగేలా అరిచాను. అందరూ వచ్చారు, అబద్ధం చెప్పకూడదు. ఖల్ఫాన్ కొడుకు చిన్న పికప్పు కట్టాడు, ఇరుసుదాకా ఇసుకలో దిగబడిపోయింది. నేను రోడ్డుకేసి చూశాను. తెల్లబండి అక్కడే మెరుస్తూ ఉంది.

"హుమైద్! బండి దించు! నీదొక్కటే లాగగలదు!"

"వదినా, అది కొత్తది! ఉప్పునీళ్ళు తగిలితే కిందంతా పోతుంది, గ్యారంటీ కూడా ఇవ్వరు. నేనొస్తున్నాను కదా!"

వచ్చాడు. చెప్పులు విప్పి, కాళ్ళదాకా ఉన్న దిష్‌దాషా అంగీని నడుముకి చెక్కి, పరిగెత్తుకొచ్చి అందరితోపాటు తాడు పట్టుకున్నాడు. "హేలా! హేలా!" అని అందరికంటే గట్టిగా అరిచాడు. ఇంక హుమైద్ రాలేదని ఎవరంటారు? ఫజాకి మనిషి రావాలి, వచ్చాడు. బండి రావాలని ఎక్కడుంది?

ఇరవైమంది లాగారు. అరచేతులు చీలేలా లాగారు. పడవ ఒక్క మూర కదల్లేదు. మూడో అల దాన్ని ఎత్తి మా బండిమీదే పడేసింది. తర్వాతి అలకి రెండు ముక్కలైంది. ముసల్లం మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి చూశాడు. నలుగురు పట్టుకుని పైకి లాక్కొచ్చారు.

నాలుగోరోజు ఎండ కాసింది. హుమైద్ మా ఇంటికి వచ్చాడు, వెంట అయిదుగురు పెద్దమనుషులు. ఒక బియ్యం బస్తా, ఒక డబ్బా హల్వా తెచ్చాడు. కూర్చోబెట్టి ఖర్జూరాలు పెట్టి కాఫీ పోశాను. ఒకరి తర్వాత ఒకరు పొగడ్తలు మొదలెట్టారు. ముసల్లం లాంటివాడు ఈ తీరంలోనే లేడట. ఏడు ఇళ్ళని నిలబెట్టాడట. ఎనిమిదో ఇల్లు ఎదురుగా కూర్చుని వింటోంది.

హుమైద్ గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నువ్వు దిగులు పడకు. నా పడవ ఉంది కదా. రేపట్నుంచి నువ్వే నడుపు, జీతగాళ్ళకిచ్చే వాటాయే నీకూ ఇస్తాను. బయటివాళ్ళకి ఇచ్చే బదులు మనవాడికిస్తే తృప్తి."

పెద్దమనుషులు తలలూపారు. ఎంత పెద్ద మనసు అన్నారు. "నీకు దీర్ఘాయువు కలగాలి," అన్నాడు నా మొగుడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఇంక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

"హుమైద్, నీ బండికి ఉప్పునీళ్ళు సరిపడవన్నావు. మా బండికి సరిపడతాయా?"

ఒక పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"అదేంటి వదినా, మీది పాతది కదా," అన్నాడు హుమైద్, నిజంగానే అర్థంకానట్టు. "పైగా నేను రాలేదా? తాడు పట్టలేదా? ఇదిగో చూడు!" అని చెయ్యి చాపాడు. అరచేతిలో తాడు గీరుకున్న ఎర్రటి చార. అందరూ దాన్ని చూశారు. చూసి నావైపు తిరిగారు.

"నీ పడవతో మొదలెట్టి ఏడు లాగే మా బండి పోయింది. నీది దింపితే మాది బతికేది. ఆ సంగతి నీకూ తెలుసు, వీళ్ళందరికీ తెలుసు. నా ఇంట్లో కూర్చుని నా మొగుణ్ణి జీతగాడిగా పెట్టుకుంటూ, దాన్ని దానం అంటావా?"

"రాయా!" అని అరిచాడు ముసల్లం. పన్నెండేళ్ళ కాపురంలో అంత గట్టిగా అరవడం అదే మొదలు. "ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడే పద్ధతేనా ఇది?" అని లేచాడు. హుమైద్ దగ్గరికి వెళ్ళి, వంగి, అతని తలమీద ముద్దుపెట్టాడు. పెద్దవాళ్ళకి పెట్టే ముద్దు, తనకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడి తలమీద! "క్షమించరా. పడవ పోయిన బాధలో మాట్లాడుతోంది. మనసులో పెట్టుకోకు."

"అయ్యో అన్నా, ఎంతమాట! నేనేం అనుకోను," అన్నాడు హుమైద్. హల్వా డబ్బా మూత తనే తీసి ముందు మా ఆయనకి పెట్టాడు.

ఆయన తిన్నాడు. నేను కాఫీ కూజా అక్కడే పెట్టేసి వంటింట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను. పడవ పోయినప్పుడు నేను ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను, బయటికి వినపడాలనే ఏడ్చాను.

తెల్లారి ఫజర్ నమాజు కాగానే నా మొగుడు హుమైద్ పడవ ఎక్కడానికి బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఏమైనా అను రాయా, ఊళ్ళో మనల్ని వేలెత్తి చూపించేవాడు ఒక్కడు లేడు," అన్నాడు. మెచ్చుకుంటాననుకున్నాడు కాబోలు, నా మొహంకేసి చూస్తూ నిలబడ్డాడు.