పెళ్ళికూతురి పేరుతో

“క్యారేజీ సంచిలో డిస్కుంది, తడి తగలనియ్యకు.”

పన్నెండేళ్ళుగా సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ మా ఆయన ఫణి చెప్పే మొదటి మాట ఇది. నరసరావుపేట మల్లమ్మ సెంటర్‌లో మా స్టూడియో. పొద్దున ఇంటి నుంచి అక్కడికి అన్నం వెళ్తుంది. సాయంత్రం ఖాళీ గిన్నెలతో పాటు ఎవరిదో పెళ్ళి వస్తుంది. మర్నాడు వంట ముగించి, అత్తయ్యకు బీపీ మాత్ర ఇచ్చి, వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. నాలుగు కెమెరాలు తీసిన పన్నెండు గంటల పెళ్ళిని రెండు గంటలకు కుదిస్తాను. ఎవరైనా ఎడిటింగ్ బాగుందంటే ఫణి నవ్వి, “మా షాపులో చేసిందేనండీ” అంటాడు. దగ్గరివాళ్ళయితే, “మా ఆవిడ ఖాళీగా ఉన్నప్పుడు కాస్త చూసి పెడుద్ది” అంటాడు. నేనెప్పుడు ఖాళీగా ఉన్నానో నాకు గుర్తులేదు.

ఒక్కసారి ఉన్నాను. పెళ్ళయిన రెండో ఏడు, అత్తయ్య శావల్యాపురంలో ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు, హైదరాబాదులో ఫొటో, వీడియో వాళ్ళ ఎగ్జిబిషన్‌కు ఫణి నన్ను తీసుకెళ్ళాడు. ఊరంత హాలు. ఎటు చూసినా కెమెరాలు, లైట్లు, వాటి చుట్టూ మగవాళ్ళు. ఒక స్టాల్లో మాత్రం నా వయసు అమ్మాయి నిలబడి ఉంది. ఆమె ముందు రెండు కంప్యూటర్లు, మధ్యలో చెప్పుల డబ్బా అంత నల్లటి పెట్టె. దానిలోనే ఆరు డిస్కులున్నాయట. పెళ్ళి ఆ పెట్టెలోనే ఉంటుంది. ఒక కంప్యూటర్ మీద ఒకరు మంగళస్నానాలు కత్తిరిస్తుంటే, రెండో దాని మీద ఇంకొకరు తలంబ్రాలకు రంగులు సరిచేస్తున్నారు. డిస్కు పట్టుకుని అటూ ఇటూ తిరిగే పనే లేదు. నేను చూస్తూ నిలబడిపోయాను.

“ఇద్దరూ ఒకేసారి ఒకటే మారిస్తే ఎవరిది నిలుస్తుందండీ?” అని అడిగాను.

“ఒకరు తెరిస్తే రెండోవాళ్ళు చూడ్డమే, మార్చలేరండి. పొద్దుట్నుంచి ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు” అందా అమ్మాయి. ఆ ఉత్సాహంలో ఇంకో మాట కూడా చెప్పింది: పాత డిస్కుల్లోంచి పెట్టెలోకి ఎక్కించాక కనీసం నెలరోజులు ఆ డిస్కులు చెరపొద్దు.

“మా ఆవిడ అట్టాగే అడుగుద్దండీ, వదల్దు” అన్నాడు ఫణి. ఆ గొంతులో గర్వం ఉంది. నేను పొరబడలేదు. హాలు వెనక గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. “మనమూ ఒకటి కొందాం బిందూ. షాపులో ఒక కుర్చీలో నేను, పక్క కుర్చీలో నువ్వు” అన్నాడు. అతని మీసానికి ఆవగింజ అంటుకుని ఉంది. తుడిచాను. అంతమందిలో సిగ్గుపడలేదు.

ఆ తరవాత ప్రతి ఏడూ స్టూడియోల వాళ్ళతో కలిసి ఫణే వెళ్ళాడు. “ఆ మగోళ్ళ గుంపులో నువ్వేం చేస్తావే, కాళ్ళ నొప్పులు తప్ప” అనేవాడు. అక్కణ్ణుంచి తెచ్చిన ప్రచార కాగితాలను అత్తయ్య అప్పడాల కింద పరిచేది. అప్పడాలు ఎండి లేచాక, నూనె మరకల మధ్య అక్షరాలు కూడబలుక్కుని నేను చదివేదాన్ని. ఏ కొత్త పెట్టె వచ్చిందో, ఏది ఎంతమందికి సరిపోతుందో నాకు అలాగే తెలిసింది. కానీ కాగితాన్ని ప్రశ్న అడగలేం కదా. ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా నాకు కావాల్సింది హైదరాబాదా, ఆ పెట్టా, లేక పక్కన నిలబడి నా ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగిన ఆనాటి ఫణా అని ఆలోచిస్తాను. మూడోదే అనిపిస్తుంది.

ఈ వేసవిలో పెట్టె వచ్చింది. షాపులో రెండు కుర్చీలూ వేశారు. ఒకటి కెమెరామన్ జిలానీ అన్నకు, రెండోది గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఏలియాకు.

“ఇంక నీకు విశ్రాంతి” అన్నాడు ఫణి, నా బీరువాలో డిస్కులు సంచుల్లోకి ఎత్తుతూ.

“మరి నేను?”

“నువ్వేంది? హాయిగా ఉండు.”

“పోన్లే అమ్మా, ఆ గదిలో బియ్యం బస్తాలు పెట్టుకోవచ్చు” అంది అత్తయ్య రమణమ్మ. ఆవిడ మంచి మనసుతోనే అంది. నా పని ఇంత తేలిగ్గా బస్తాల చోటు అవుతుందని నేను ఊహించలేదు. ఒక్కటే అడిగాను. ఎక్కించిన డిస్కులు చెరపకుండా తెచ్చివ్వమన్నాను, నెలరోజులు నా దగ్గర ఉంచుకుంటానన్నాను. “నీ చాదస్తం” అన్నాడు కానీ తెచ్చాడు.

పదో రోజు ఈపూరు నుంచి వెంకటాద్రి గారు ఫోన్ చేశారు. ఫణి భోంచేస్తున్నాడు, చెయ్యి ఖాళీ లేక స్పీకర్ పెట్టాడు.

“ఏమయ్యా, మా సాయిసాత్విక పెళ్ళి ఫిలిం పంపావు. తాళి కట్టేకాడ వేరే పిల్ల ఉందేంది? మా వియ్యంకుడు చూస్తే ఏమనుకుంటాడయ్యా!”

ఫణి ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

షాపులో పెళ్ళిళ్ళన్నిటికీ పెళ్ళికొడుకు ఇంటిపేరే పేరు. రసీదు పుస్తకం నుంచి ఆల్బం అట్ట దాకా అదే అలవాటు. ఇంట్లో నేను మాత్రం ప్రతి పెళ్ళినీ పెళ్ళికూతురి పేరుతో దాచేదాన్ని. జిలానీ అన్న పెట్టెలోకి ఎక్కిస్తూ నా పేర్లు తీసేసి షాపు పేర్లు పెట్టాడు. ఈపూరు సాయిసాత్విక, నాదెండ్ల మౌనిక ఇద్దరూ కొమ్మాలపాటి వారి కోడళ్ళే. రెండు పెళ్ళిళ్ళూ ఒకే ఫోల్డర్లో పడ్డాయి. ప్రతి పెళ్ళికీ కెమెరా ఒకటో నంబరు నుంచే లెక్క పెడుతుంది. ఆ నంబర్లు ముందే ఉన్నాయి, వాటి మీదే కొత్తవి ఎక్కించనా అని పెట్టె అడిగితే అన్నిటికీ సరే అని నొక్కాడు. ఒకమ్మాయి తాళి మీద ఇంకో అమ్మాయి తాళి ఎక్కి కూర్చుంది. ఫిలిం కత్తిరించిన ఏలియా కొత్తవాడు. ఈ రోజుల్లో పెళ్ళికూతుళ్ళందరికీ ఒకటే మేకప్పు.

డిస్కులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే వెనక గదిలో కూర్చుని, షాపు నుంచి తెప్పించిన తప్పు ఫిలింను వాటి పక్కన పెట్టుకుని, ఇద్దర్నీ విడదీశాను. సాయిసాత్విక నవ్వేటప్పుడు ఎడమ చేత్తో నోరు మూసుకుంటుంది. మౌనిక ఎవరు పిలిచినా ముందు వాళ్ళమ్మ వైపు చూస్తుంది. ఇవి ఏ రసీదు పుస్తకంలోనూ ఉండవు.

మర్నాడు పదింటికి షాపు నుంచి ఫణి ఫోన్ చేశాడు. గొంతు మెత్తగా ఉంది.

“ఇంటికి లైను ఇచ్చానే. కుర్చీలోంచి లేవకుండా పెట్టెలో పెళ్ళిళ్ళన్నీ చూడొచ్చు. వంట చేసుకుంటా అన్నీ సరిచేసెయ్. లోపలికి రావడానికి పేరు కొట్టాలి. ఇంగ్లీషులో హోమ్ అని కొట్టు.”

“జిలానీ అన్నకి ఏం పేరు పెట్టారు?”

“జిలానీ అనే.”

“ఏలియాకి?”

“ఏలియా. ఎందుకే?”

ఫోన్ పెట్టేశాను. అన్నం వార్చి, డిస్కులు సంచిలో సర్దుకుని, చీర మార్చుకున్నాను. పది నిమిషాల నడక. పన్నెండేళ్ళలో ఆ షాపుకు పండగలకు దీపం పెట్టడానికే వెళ్ళాను. నన్ను చూసి జిలానీ అన్న లేచి నిలబడ్డాడు.

“తప్పు నాదేనమ్మా.”

“నీ ఒక్కడిదే కాదులే అన్నా. కూర్చో. నాకింకో కుర్చీ వేయించండి” అన్నాను ఫణితో.

“ఇంట్లోంచే చెయ్యొచ్చని చెప్పాగా బిందూ! అందుకేగా ఇంత పెట్టి కొన్నది.”

“ఇల్లు ఎడిటింగ్ చెయ్యదండీ. చేసేది నేను. ఆ పేరు తీసేసి నా పేరు పెట్టండి.”

ఏలియా తెరలోకి తల దూర్చాడు. ఫణి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. హిమబిందు అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. కొమ్మాలపాటి ఫోల్డర్ తెరిచాను. సాయిసాత్విక, మౌనిక అని రెండు చేశాను. తరవాత మిగతా ఇంటిపేర్ల దగ్గరికి వెళ్ళాను. చానా ఉన్నాయి.

పన్నెండున్నరకు అత్తయ్య ఫోన్ చేసింది.

“ఏమే, ఇంకా రాలేదేందే? అన్నం చల్లారిపోతా ఉంది.”

“మీరు తినెయ్యండి అత్తయ్యా. జిలానీ అన్న, ఏలియా వెళ్ళే వేళకే నేనూ వస్తాను.”

“ఇయ్యాళకేనా?”

“కాదు” అన్నాను.