అవసరమైనవి మాత్రమే

హిందూపురంలో మంజునాథ్ ఇంట్లో ఒక పాత ఫోను ఉంది. ఆయన కొత్తది కొనుక్కున్నాక దాన్ని ఇంట్లో వదిలేశాడు. పేరుకు ఇంటి ఫోను, అందరి దృష్టిలో కూతురు యామినిది. పిల్ల రోజూ పెనుకొండకు బస్సులో పోయి డిగ్రీ చదువుకుంటుంది. కాలేజీకి ఫోను తేనివ్వరు కాబట్టి పగలంతా అది హాల్లో టీవీ పక్కనే పడి ఉంటుంది.

పగలు ఆ ఇంట్లో ఉండేది గౌరి. మంజునాథ్ అక్క. నలభై ఆరేళ్ళు. తాడిమర్రిలో మొగుడు పోయాక తమ్ముడింటికి వచ్చి పన్నెండేళ్ళయింది. తమ్ముడిది చింతపండు వ్యాపారం. ఆమె ఇంటి పని చేస్తుంది, మధ్యాహ్నం పూట కూర్చుని చింతపండు గింజలు తీస్తుంది. పిలిస్తే పలుకుతుంది, పండక్కి ఏ చీర తెస్తే అది కడుతుంది. గౌరికేం, హాయిగా ఉంది అంటారు చుట్టాలు. ఉందో లేదో ఎవరైనా అడిగితే కదా ఆమె చెప్పడానికి!

ఆ ఇంట్లో అందరూ తిన్నాక గౌరి తింటుంది. వంటింట్లో, స్టౌ పక్కన, పీట మీద. అట్లా తినమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. గిన్నెలో ఏమైనా మిగిలిందా అని తొంగి చూసినవాళ్ళు మాత్రం పన్నెండేళ్ళలో ఒక్కరూ లేరు.

ఒకరోజు గింజలు తీస్తూ ఇంటి ఫోనులో పాటలు వింటుంటే మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనుకునేవారి కోసమట. గౌరి అటూ ఇటూ చూసింది. ఇంట్లో ఎవరూ లేరు. మరదలు కళావతి గుడికి పోయింది. చెయ్యి తుడుచుకుని నొక్కింది.

సైటు తెరుచుకోగానే కింద ఒక ప్రశ్న వచ్చింది. మేము కుకీలను వాడతాము, మీకు సమ్మతమేనా అని. 'అన్నీ ఒప్పుకుంటాను' అని పచ్చరంగులో పెద్ద బటను. దాని కింద సన్నటి అక్షరాల్లో ఇంకేదో ఉంది, అది ఆమె కంటికి ఆనలేదు.

కుకీలంటే గౌరికి తెలియకేం? బస్టాండు దగ్గర బేకరీలో గాజు సీసాల్లో పెట్టి ఉంటాయి, వెన్న వేసి చేస్తారు. పెళ్ళి సంబంధానికి పోతే పళ్ళెంలో ఏదో ఒకటి పెడతారు. ముట్టకుండా లేచామంటే ఆ సంబంధం వద్దన్నట్టే. పాపం, వీళ్ళు ఫోనులో కూడా మర్యాద చేస్తున్నారు, మొదట్లోనే కాదంటే ఏం బాగుంటుంది అనుకుని 'అన్నీ ఒప్పుకుంటాను' నొక్కింది. నొక్కి కాస్త సిగ్గుపడింది కూడా. నవ్వకండి. మీరెప్పుడైనా చదివి నొక్కారా ఏం?

పేరు, ఊరు, వయసు ఇచ్చింది. 'మీరు ఎలాంటి తోడు కోరుకుంటున్నారు' అన్నచోట మైకు గుర్తు నొక్కి, నోటికి దగ్గరగా పెట్టుకుని గుసగుసగా చెప్పింది. ఫోను బుద్ధిగా రాసుకుంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఒకసారి తెరిచేది. ధర్మవరంలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన ఒకడున్నాడు, యాభై రెండేళ్ళు, ఫొటోలో నవ్వకుండా నిలబడ్డాడు. ఆయన్ను కాసేపు చూసి మూసేసేది. పలకరించే ధైర్యం రాలేదు.

చూసినవి చూసినట్టు చెరిపేయడం యామిని చేస్తుండగా చూసి నేర్చుకుంది. అక్కడ మూడు గళ్ళుంటాయి. మొదటిది హిస్టరీ, దానికి టిక్కు ఉంచేది. రెండోదాంట్లో కుకీలని రాసి ఉండేది. పెట్టినవాళ్ళ బిస్కెట్లు పారేయడమెందుకని ఆ టిక్కు తీసేసేది. ఇంత జాగ్రత్తగా ఉన్నానని గౌరి నిబ్బరంగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం మంజునాథ్ తన ఫోను చార్జింగులో పెట్టి, ఇంటి ఫోనులో క్రికెట్ స్కోరు చూడబోయాడు. స్కోరు పక్కనే ఒక బొమ్మ. 'రెండో పెళ్ళికి సిద్ధంగా ఉన్న వరులు, వయసు యాభై, మీకు దగ్గర్లోనే: ధర్మవరం, కదిరి.' దాన్ని తోసేసి వార్తలు తెరిచాడు. అక్కడా అదే. మండీ ధరలు తెరిచాడు, అక్కడ ఇంకో ముగ్గురు వరులు.

"యామినీ! బిన్నా రా ఈడికి!" అని అరిచాడు.

పిల్ల పరుగెత్తుకొచ్చింది. వెనకే కళావతి.

"ఎవురు వీళ్ళు? యాడ చూసినా ఈ ముసిలోళ్ళే అగపడ్తాండారు. వెతక్కుంటే ఏంటికొస్తాయి ఇవి? ఎవురితో మాట్లాడతాండావు నువ్వు?"

"నాకేం తెలీదు నాయనా, అమ్మతోడు," అంది యామిని.

"ఫోను పట్టుకునేది నువ్వొక్కదానివే కదే," అంటూ కళావతి నెత్తి కొట్టుకుంది. "యాభై ఏండ్లోడు ఎవుడో పిల్లను వల్లో ఏసుకున్నాడు. పెనుకొండకు పంపొద్దని నేను అప్పుడే అంటి, వింటివా?"

యామిని ఏడుపు అందుకుంది. మంజునాథ్ గోడ దగ్గరికి పోయి చార్జింగులో ఉన్న తన ఫోను ఊడదీశాడు. "రేపట్నుంచి కాలేజీ లేదు, బస్సూ లేదు. గుడిబండోళ్ళు పిల్లనియ్యమని రెండునెల్లుగా అడగతాండారు. ఒప్పుకుంటామని ఇప్పుడే చెప్పేస్తా."

వంటింటి గడపలో నిలబడి గౌరి ఇదంతా వింది. గమ్మునుంటే తన గుట్టు తనతోనే ఉండిపోతుంది, ఎందుకంటే ఆమె వైపు ఒక్కరు కూడా తల తిప్పలేదు. రెండో పెళ్ళి అంటున్నారు, యాభై ఏళ్ళు అంటున్నారు, అదే ఇంట్లో నలభై ఆరేళ్ళ విధవ ఒకతె ఉంది, అయినా ఎవరికీ తోచలేదు. భయం కన్నా ముందు అదే కలుక్కుమంది ఆమెకు. అనుమానించడానికైనా తాను గుర్తు రాలేదు!

మంజునాథ్ నంబరు వెతుకుతున్నాడు.

"మంజా, చేయొద్దు. అది నేనే," అంది గౌరి. "నేనే చూసింటి. ఒప్పుకుంటాండా."

మంజునాథ్ తలెత్తి చూసి చిన్నగా నవ్వాడు. "నువ్వు గమ్మునుండక్కా. పాప మీద ప్రేమతో నీ నెత్తినేసుకుంటాండావు. నువ్వేంది, పెండ్లేంది?"

"అవును వదినా, మధ్యలో నువ్వు రావద్దు," అంది కళావతి.

గౌరికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఎక్కడలేని కోపం కూడా వచ్చింది. ఇంతమంది ఎదుట సిగ్గు విడిచి చెప్పినా నమ్మరా! ఇంటి ఫోను అందుకుంది. సైటు తెరిచింది. పాస్‌వర్డు అడగలేదు, నంబరు అడగలేదు. చెరగకుండా మిగిలిన ఆ కుకీలు ఆమెను వెంటనే గుర్తుపట్టాయి. 'మళ్ళీ స్వాగతం, గౌరి గారూ' అని పైన పడింది. దాన్ని తమ్ముడి చేతిలో పెట్టింది.

మంజునాథ్ మొదట పేరు చదివాడు. తర్వాత వయసు. ఆ తర్వాత కిందిది చదవడం మొదలుపెట్టాడు, బయటికి చదువుతున్నానన్న ధ్యాస కూడా లేకుండా.

"'ఆస్తి వద్దు, దుడ్లు వద్దు. అన్నం తినేటప్పుడు ఎదురుగా కూచునే మనిషి కావల్ల. తింటివా అని అడిగితే చాలు. అంతే.'"

ముక్కలన్నీ అక్క నోటి మాటలే. గౌరికి బట్టలన్నీ ఊడదీసి వీధిలో నిలబెట్టినట్టుంది.

"మేము అడగడంల్యాక్కా?" అన్నాడు మంజునాథ్. కళావతి వైపు చూశాడు. కళావతి వంటింట్లోని పీట వైపు చూసింది. మంజునాథ్ ఫోను బోర్లించి పెట్టి, చెప్పులేసుకుని మండీకి పోయాడు. ఆదివారం మండీ ఉండదు.

సోమవారం యామిని బస్సెక్కింది. గుడిబండకు ఫోను పోలేదు. గౌరిని ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉన్నా బాగుండేది. కాకపోతే మధ్యాహ్నం ఒకటిన్నరకు హాల్లోంచి కళావతి, టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "తింటివా వదినా?" అని అడిగింది. మంగళవారం అదే వేళకు మళ్ళీ అడిగింది. బుధవారం కూడా. గౌరి ఇంకా వడ్డించుకోకముందే "తింటి" అని చెప్పేసేది. చెప్పాక పీట మీద కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఎవరూ అడగని రోజుల్లోనే నయమనిపించింది.

కాలేజీకి సెలవొచ్చిన రోజు యామిని ఫోను తీసుకుని మేనత్త పక్కన చింతపండు బుట్ట దగ్గర చతికిలబడింది.

"కుకీ అంటే బిస్కెట్టు కాదత్తా. మనం సైటులోకి పోతే అది మన ఫోనులో ఒక చీటీ పెట్టిపోతాది. మండీలో మూట మీద రంగుతో గుర్తేస్తారే, అట్లా. మళ్ళీ పోతే ఆ గుర్తు చూసి ఈమె ఆమే అనుకుంటాది. అంతవరకైతే మంచిదే. కానీ దాంతోపాటు ఎవురెవురో ప్రకటనలోళ్ళు కూడా గుర్తులేసి, నువ్వు యాడికి పోయినా ఎనకాలే వస్తారు. నాయన క్రికెట్లోకి వచ్చింది వాళ్ళే."

"మరి నన్నడిగే వేసినారు కదే?"

"అడిగినారు. నువ్వు అన్నీ ఒప్పుకుంటివి."

గౌరికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. యామిని ఆమె చెయ్యి పట్టుకుంది. "నా కోసం చెప్పేస్తివి. నేనైతే చెప్పేదాన్ని కాదత్తా." అని, గుర్తులన్నీ చెరిపేసింది. తర్వాత అడిగింది. "మళ్ళా చూస్తావా?"

గౌరి చేతిలో ఉన్న చింతపండు గింజ తీసి పక్కన వేసింది. "తెరువు," అంది.

సైటు తెరుచుకుంది. ఈసారి స్వాగతం లేదు, పేరు లేదు. ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు మొదటి ప్రశ్నే మళ్ళీ అడిగింది. యామిని పచ్చ బటను మీద బొటనవేలు అడ్డం పెట్టి, కింద సన్నటి అక్షరాలు చూపించింది. "ఇది నొక్కు. ఎనకాల పడేవి రావు."

గౌరి కళ్ళు చిట్లించి కూడబలుక్కుంటూ చదివింది. "అవసరమైనవి మాత్రమే." ఇంకోసారి చదివింది. "ఇది ముందునుంచీ ఉండాదా ఈడ?"

"ఉండాదత్తా. అగపడకుండా రాసింటారు."

"నేను అడిగిందీ అంతే కదే," అంది గౌరి.

వేలుకు చింతపండు జిగట ఉంది. రెండుసార్లు నొక్కితే గానీ పట్టలేదు.