టామ్‌సిన్ మబ్బు

పాస్కో నాన్‌కారో ఉదయం లేవగానే మొదట చేసే పని, వంటగది కిటికీ సందుల్లో గుడ్డపీలికలు బిగించి కుక్కడం. ఇంగ్లండు కొసనున్న కార్న్‌వాల్ తీరపు గాలికి ఆ మాత్రం సందు దొరికితే చాలు. తరువాత పొయ్యి రాజేసి, తలెత్తి, దూలం దగ్గర తేలుతున్న మబ్బును చూసేవాడు. అతని భార్య టామ్‌సిన్ కన్నుమూసిన రోజున, ఆమె పొయ్యిమీద పెట్టిన నీళ్లు మరుగుతూనే ఉన్నాయి. ఆ ఆవిరి చెదిరిపోక, గొర్రెపిల్లంత మబ్బై అక్కడే నిలిచిపోయింది. వచ్చినవారు టోపీ తీసి, కాస్త వంగి, దాని కిందుగా వెళ్లి కూర్చునేవారు.

ఆ సోమవారం తగరపు గని పెద్ద, కెప్టెన్ టోంకిన్, అలాగే వంగి వచ్చాడు.

"పాస్కో, నీ యంత్రం తిండి చూస్తుంటే నాకు అజీర్తి చేస్తోందయ్యా. వేల్స్ నుంచి వచ్చిన బొగ్గు వచ్చినట్టే పోతోంది. వాటాదార్లు శనివారం దాకా చూస్తారట. ఆ తరువాత యంత్రం పొయ్యి ఆర్పేయమన్నారు."

"ఆర్పితే గని మునిగిపోతుంది కదండీ."

"మునుగుతుంది. నీళ్లు మనలా కూలి అడిగి దిగవు."

గని మునిగితే ఊళ్లో పొయ్యి వెలిగే ఇల్లు ఉండదని ఇద్దరికీ తెలుసు. గనిలో నీళ్లు తోడే ఆ యంత్రాన్ని నడిపేది పాస్కోనే. అది పాతది. సిలిండర్‌లోకి ఆవిరి ఎక్కగానే అందులోనే చన్నీళ్లు చిమ్మాలి. ఆవిరి నీరై, లోపల శూన్యం ఏర్పడి, పిస్టన్ కిందికి దిగితే, పంపు గనిలోని నీటిని తోడుతుంది. కాని చల్లారిన సిలిండర్‌ను తిరిగి వేడెక్కించడానికే, మళ్లీ వచ్చిన ఆవిరిలో చాలా భాగం ఖర్చైపోతుంది. పాస్కో దానికి ఉన్ని చుట్టాడు, చెక్క తొడిగాడు, చన్నీళ్లు తగ్గించి చూశాడు. నీళ్లు తగ్గిస్తే బలమూ తగ్గింది.

కెప్టెన్ వెళ్లాక టామ్‌సిన్ అక్క మెలియర్ పాలకుండ పట్టుకుని వచ్చింది. గని ఒడ్డున సుత్తితో తగరపు రాయి కొట్టే మనిషి ఆమె.

"గుడ్డలన్నీ కిటికీల్లోనే కుక్కావు. మొహం తుడుచుకోవడానికి ఒక్కటైనా ఉంచుకున్నావా?"

"చలి తగిలితే అది కరిగిపోతుంది వదినా."

"మా చెల్లి నడి చలికాలంలో సముద్రంలో దిగి నాచు ఏరిన పిల్ల. చలికి భయం దానికి కాదు, నీకు." ఆమె ఉత్తరపు వైపు పాలగది గడియ మీద చెయ్యి వేసింది. భార్య పోయిన నాటి నుంచి ఆ తలుపు మూసే ఉంది.

"అది తెరవకు."

"పాలు విరిగితే నువ్వు తాగుతావా?" అంటూ తెరిచింది.

మబ్బు దూలం విడిచి, వంటగది దాటి, తీరిగ్గా ఆ గదిలోకి వెళ్లింది. అక్కడి నాపరాయి అరుగు మీద సన్నగా వాన మొదలైంది. పాస్కో పరుగెత్తి గడపలోనే ఆగిపోయాడు. ముఖానికి చలి కొడుతోంది, వీపుకు పొయ్యి వేడి తగులుతోంది. అక్కడ వాన కురుస్తున్నా, ఇక్కడి నేల పొడిగా, వెచ్చగానే ఉంది. అతను అటూ ఇటూ చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆవిరిని సిలిండర్‌లోనే చల్లార్చనక్కరలేదు. చల్లారడానికి దానికి వేరే గది ఉంటే చాలు.

వాన వెలిశాక మబ్బు తిరిగి వచ్చింది.

"చిక్కిపోయింది," అన్నాడు పాస్కో.

"తేలికపడింది," అంది మెలియర్.

కమ్మరి చేత అన్ని వైపులా మూసిన ఇనుప తొట్టి ఒకటి చేయించి, చన్నీళ్లలో ముంచి, గొట్టంతో సిలిండర్‌కు కలిపే సరికి శనివారం వచ్చేసింది. ఆ పొద్దున మబ్బు అతని భుజం వెంటే గనికి వచ్చింది. దారిలో ఎదురైనవారు పక్కకు జరిగి దానికి చోటిచ్చారు. యంత్రం దగ్గర కెప్టెన్, మెలియర్ ఎదురుచూస్తున్నారు.

ఆవిరి ఎక్కింది. పాస్కో గొట్టం మీది మర తిప్పాడు. పిస్టన్ కదలలేదు. తొట్టినిండా గాలి నిలిచిపోయి, ఆవిరిని రానివ్వడం లేదు. అతను అడుగునున్న కుళాయి తెరిచాడు, ఆ గాలి పోలేదు. తొట్టి పైన చిన్న మూత ఒకటి ఉంది. దాని ముందుకు వచ్చి మబ్బు ఆగింది.

ఆ మూత తీస్తే ఏమవుతుందో పాస్కోకు తెలుసు. ఈసారి తిరిగి రావడానికి గడప లేదు. అతను మెలియర్ వైపు చూశాడు. ఆమె ఏప్రన్ కొసతో కళ్లు తుడుచుకుని, చెల్లెలిని సాగనంపేటప్పుడు నిలబడినట్టే నిలబడింది.

"నెమ్మదిగా వెళ్లు," అని అతను మూత తీశాడు.

మబ్బు దారంలా సన్నబడి లోపలికి దిగింది. నిలిచిన గాలి పెద్ద నిట్టూర్పుతో అడుగు నుంచి బయటికి పోయింది. మూత, కుళాయి బిగించి పాస్కో మళ్లీ మర తిప్పాడు. ముందు వెళ్లినవారు పిలిచినట్టు ఆవిరి అటే పరుగెత్తింది. పిస్టన్ దిగింది, లేచింది, మళ్లీ దిగింది. పాస్కో సిలిండర్‌పై అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకున్నాడు. అది కాలుతోంది.

కాసేపటికి బొగ్గు వేసే మనిషి పార గోడకానించి, "నాకిక పనేమీ ఉండేట్టు లేదే," అని గొణిగాడు.

"కూర్చోవయ్యా, చాలా ఏళ్లుగా నిలబడే ఉన్నావు," అన్నాడు కెప్టెన్. తానే ముందుగా కూలబడ్డాడు.

తొట్టిలో చేరిన నీరు చిన్న గొట్టం గుండా గోడ బయట కాలువలో పడుతోంది. రాయి కొట్టే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, చలికి కొయ్యబారిన వేళ్లు ఆ ధార కింద పెట్టారు. మెలియర్ తన చేతులు పెట్టి, వేళ్లు ముడిచి విప్పి చూసుకుంది.

"వెచ్చగా ఉన్నాయి," అని, పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.

పాస్కో చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.