వెనకబడ్డ నవ్వు

“ఆ నవ్వు పోవాలి,” అన్నాడు క్రిస్పిన్.

తోపుడు బండి మీంచి టేపులు దించుతున్న సిరిల్ హాబ్డేకి ఎడమ చెవి అంతంతమాత్రం. “నువ్వు పోవాలి” అని వినబడింది. చేతిలోని టేపు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, “సరేనండి, మంచిది,” అని, కొక్కేనికున్న కోటు అందుకున్నాడు. ఎలాగూ ఆ రోజే అతని కొలువుకి ఆఖరి రోజు. సాయంత్రం రావలసిన పొమ్మనే మాట పొద్దున్నే వచ్చిందనుకున్నాడు. పొమ్మన్నవాణ్ణి ఎందుకని అడగడం లండన్‌లో పుట్టినవాడి మర్యాద కాదు.

ఎడిటింగ్ చేసే రొవీనా లేచి కోటు చెయ్యి పట్టుకుంది. “మిమ్మల్ని కాదు సిరిల్ గారూ, నవ్వుని. ఈ స్కెచ్ చివర్న ఎవరో ఒకావిడ నవ్వుతోంది చూడండి, దాన్ని.”

ఒక చెయ్యి కోటులోనూ ఒక చెయ్యి బయటా ఉండగా సిరిల్ అలాగే నిలబడిపోయాడు. తను పోవడమే నయమనిపించింది.

ఆ టీవీ సంస్థ తన పాత హాస్య స్కెచ్‌లు, ఆ చిన్న చిన్న నాటికలన్నీ ఏరి ఒక గంట సంకలనం చేయిస్తోంది. డైరెక్టరు క్రిస్పిన్‌కి నలభై నిండలేదు. ఆ స్కెచ్‌లు ప్రసారమైన రోజుల్లో అతను ఉయ్యాల్లో ఉన్నాడు. ఇప్పుడు బల్ల మీదున్నది ‘పోయిన క్యూ’ అనే స్కెచ్. గుండ్రటి టోపీ పెద్దమనిషి ఒకడు, పోయిన వస్తువుల ఆఫీసుకొచ్చి, తాను నిలబడ్డ క్యూ పోయిందని ఫిర్యాదు చేస్తాడు. ఆనవాలేమిటని గుమాస్తా అడుగుతాడు. పొడుగ్గా ఉంటుందండీ, చివర్న నేనుంటాను అంటాడు పెద్దమనిషి. స్టూడియోలో జనం విరగబడి నవ్వుతారు. నవ్వంతా సద్దుమణిగాక, ఆఖరి వరసలోంచి ఒక ఆడగొంతు కెటిల్ మరిగినట్టు సన్నగా మొదలై, ఈలవేసి, ఎక్కిళ్ళలో పడుతుంది. ఆ నవ్వు విని జనం మళ్ళీ నవ్వుతారు.

“అందరూ నవ్వి ఇంటికెళ్ళాక ఈవిడ నిద్రలేచినట్టుంది,” అన్నాడు క్రిస్పిన్. “నాకున్నదే గంట, గురూ. నవ్వు నాలుగు విధాల చేటన్నారు, నాకు ఐదో విధం కూడా కనబడుతోంది.”

సిరిల్ రెండో చెయ్యి కూడా కోటులో దూర్చుకున్నాడు. ఖాళీ బండి తోసుకుంటూ నేలమాళిగకి దిగిపోయాడు.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. సిరిల్ వయసంతా తీగే లాగాడు, ఒక్క డొంకా కదల్లేదు. స్టూడియోలో కెమెరా కదిలినప్పుడల్లా దాని వెనకాల లావుపాటి తీగ పట్టుకుని, చక్రాల కింద పడకుండా తప్పించడం అతని పని. పొట్టివాడు, బలమైన భుజాలు, తీగ ఒరిపిడికి కాయలు కాసిన అరచేతులు. ఎంత నవ్వొచ్చినా పనివాళ్ళు నవ్వకూడదు, మైకు పట్టేస్తుంది. మోకాళ్ళు మొరాయించాక కిందికి పంపి టేపులు మోయమన్నారు.

పనివాళ్ళ ఇళ్ళకి ఉచిత టిక్కెట్లిచ్చేవారు. అతని భార్య ఈనిడ్ వారం వారం వచ్చి ఆఖరి వరసలో కూర్చునేది. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో సిరిల్ ఆవిణ్ణి ఆటపట్టించేవాడు. అందరికీ అర్థమయ్యాక నీకు అర్థమవుతుందే, ట్యూబ్‌లైటువి నువ్వు అనేవాడు. వెలిగాక ఎవరి వెలుగెక్కువో చూసుకో అనేది ఈనిడ్. అంతకు మించి ఎన్నడూ సంజాయిషీ ఇవ్వలేదు. ఆవిడ పోయాక ఇంట్లో ఫొటోలు మిగిలాయి గానీ, గొంతు ఎక్కడా మిగల్లేదు, ఈ టేపులో తప్ప. మధ్యాహ్నం పూట జున్ను, పచ్చడి పెట్టిన బ్రెడ్డు తింటూ, మూలనున్న పాత యంత్రం మీద ఆ చివరి కాస్తా వినడం అతనికి అలవాటు.

ఇవాళ ఆ యంత్రం లేదు. టేపులన్నీ వేరే ఊరి గోదాముకి పోతున్నాయి. యంత్రాన్ని పొద్దున్న లారీలో ఎక్కించేశారు. సంకలనంలోంచి కూడా నవ్వు కోసేస్తే ఈనిడ్ ఇక వినబడదు. బయటివాళ్ళకి నకలు ఇవ్వరు. అడిగి లేదనిపించుకునే రకం కాదు సిరిల్. బ్రెడ్డు సగం తిని, మిగతాది కాయితంలో చుట్టేసి, తిరిగి పైకెళ్ళాడు.

వాళ్ళిద్దరూ టీ తాగుతున్నారు. సిరిల్ తలుపు దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“ఇబ్బంది పెడుతున్నానేమో. ఆ నవ్వు మా ఆవిడదండి.”

క్రిస్పిన్ కప్పులోకి చూశాడు. చాలాసేపు చూశాడు. అందులో టీ తప్ప ఏమీ లేదు.

రొవీనా మాత్రం కుర్చీ లాగి సిరిల్‌ని కూర్చోబెట్టి, కుడి చెవికి సరిగ్గా ఆనేలా హెడ్‌ఫోన్లు తగిలించింది. వేరే చోట ఎక్కడైనా ఆ నవ్వు దొరుకుతుందేమో, కాస్త పొట్టిది, అని టేపు ముందుకి నడిపింది. ప్రసారమైన భాగం తరవాత చెడిపోయిన షాట్ ఒకటి ఉంది. జాగ్రత్త కోసం రెండోసారి తీసినదట. కెమెరా ఒకటి అదుపు తప్పి పక్కకి తిరిగి జనాన్ని చూపించేసింది. ఫ్రేము అంచున తీగ పట్టుకున్నవాడి వీపు.

క్యూ గురించి అదే మాట రెండోసారి. జనం మర్యాదకి నవ్వారు. అన్ని మొహాలూ టోపీ పెద్దమనిషి వైపే ఉన్నాయి. ఆఖరి వరసలో ఆకుపచ్చ స్వెట్టరావిడ మొహం మాత్రం పక్కకి తిరిగి ఉంది.

“ఈవిడ స్కెచ్ చూట్టమే లేదు,” అన్నాడు క్రిస్పిన్.

తీగ పట్టుకున్నవాడి భుజాలు ఊగడం మొదలైంది. నవ్వు బిగబట్టి వంగిపోతున్నాడు. అప్పుడు నవ్వింది ఈనిడ్.

రొవీనా బొమ్మ ఆపింది. “ఎవరీయన?”

“నేనే,” అన్నాడు సిరిల్. అతని అరచేతులు మోకాళ్ళ మీద తెరుచుకుని ఉన్నాయి. “ట్యూబ్‌లైటనేవాణ్ణి పాపం. దానికి అందరికన్నా ముందే అర్థమయ్యేదమ్మా. నా భుజాలు ఊగేదాకా ఆగేది. నాకు నవ్వే వీల్లేదు కదా, నా వంతు కూడా అదే నవ్వేది.”

క్రిస్పిన్ కప్పు కింద పెట్టాడు.

“నవ్వు ఉంచెయ్ రొవీనా. ఈ షాట్ కూడా కలుపు. చోటు చాలకపోతే మొదట్లో నా ఉపన్యాసముంది కదా, అది కొయ్యి. దానికెవరూ నవ్వరు.”

సిరిల్ ఇంకొక్కసారి వేయమన్నాడు. ఆ నవ్వు మా ఆవిడదనడం కూడా అడగడమే అనుకుంటే, జీవితంలో అతను నోరు విడిచి అడిగినవాటిలో ఇది రెండోది, రెండూ ఆ మధ్యాహ్నమే. చూశాక లేచి, ఇద్దరికీ చెయ్యిచ్చి, బస్సు వేళయిందన్నాడు. రొవీనా లిఫ్టు దాకా వెళ్ళింది. లిఫ్టు కటకటాల్లోంచి, అటు తిరిగి కిందికి దిగిపోతున్న సిరిల్ మొహం కనబడలేదు, భుజాలు మాత్రం ఊగుతూ కనబడ్డాయి. నవ్వో ఏడుపో భుజాలు చెప్పవు.

ఆమె తిరిగొచ్చేసరికి గదిలో ఎవరూ లేరు, యంత్రంలో ఆ షాటే మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. సిరిల్ లేచిన కుర్చీ మీద హెడ్‌ఫోన్లు బోర్లా పడి ఉన్నాయి. వాటిలో జనం నవ్వి ఊరుకున్నారు, ఈనిడ్ ఇంకా మొదలుపెట్టలేదు.