నల్లబడ్డ తెర మీద భీముడు

అలసిపోయాను. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. నేను ఒక పాత గ్రాఫిక్స్ కార్డును. కంప్యూటరు డబ్బాకు పక్కరేకు విప్పితే, లోపలి పెద్ద పలక మీద అడ్డంగా దిగబడి, చిన్న ఫ్యాను ఒకటి మోసుకుంటూ కనిపించేదాన్ని నేనే. కంప్యూటరు లోపల జరిగేదాన్ని బొమ్మగా మార్చి తెర మీదికి పంపడం నా పని. చూపించడమే గానీ దాచుకోవడం నాకు చేతకాదు. స్విచ్చి కట్టేస్తే అంతా మరిచిపోతాను. మరి ఈ కథంతా ఎలా చెబుతున్నావని మాత్రం అడక్కండి. ముసలితనంలో ఎవరికైనా ఒకటి రెండు సంగతులు అట్టే పెట్టుకోవాలనిపిస్తుంది.

పుట్టింది సముద్రాల అవతల. నన్ను పెట్టిన అట్టపెట్టె మీద కత్తి దూసిన వీరుడి బొమ్మ వేశారు. అది చూసుకుని కొన్నాళ్లు నేనూ విర్రవీగాను. మొదట రేపల్లెలో ఒక ఇంటర్నెట్ సెంటరు వాళ్లు కొన్నారు. కాలేజీ ఎగ్గొట్టి వచ్చిన కుర్రాళ్లు పొద్దస్తమానం ఆటల్లో నా చేత బాంబులు పేల్పించేవాళ్లు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి ఆ సెంటరు మూతపడ్డాక, కంప్యూటరుతో పాటు హైమావతి కొట్టుకు చేరాను.

హైమావతిది డీటీపీ కొట్టు. పెళ్లి శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఓణీల పిలుపులు. కత్తి వీరుడి పెట్టెలోంచి వచ్చినదాన్ని, ఏళ్ల తరబడి పైన వినాయకుణ్ణీ కింద బంధుమిత్రుల అభినందనల్నీ చూపిస్తూ కూర్చున్నాను. కార్డులో తన పేరు కింది వరసలో వచ్చిందని అలిగిన మేనమామల్ని ఎందరినో చూశాను. పెద్దకర్మ కార్డులో పేరు ఎక్కడుందని అలిగినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణీ చూడలేదు.

ఆమె వాడే తెలుగు అక్షరాలు పాతకాలపువి. కొత్త కంప్యూటర్లో పెడితే అవి పిచ్చిగీతలైపోతాయి. అందుకని మా డబ్బానే పట్టుకు వేలాడింది. మీటల వంక చూడకుండా కొట్టడం ఆమెకు అలవాటు.

ఇక నా రోగం సంగతి. మనుషులు మమ్మల్ని చంపేది కోపంతో కాదు, భక్తితో. ప్రతి దసరాకూ ఆయుధపూజ పేరుతో హైమావతి పక్కరేకు విప్పి, లోపలంతా శుభ్రంగా తుడిచి, కనిపించిన ప్రతి సామానుకూ పసుపు రాసి కుంకుమ పెట్టేది. నాకు ఎక్కడ పెట్టాలో తోచక ఫ్యాను నడుమ పెట్టేది. పూజయ్యాక స్విచ్చి వేస్తే ఆ కుంకుమ గిర్రున తిరిగి లోపలి నూనెలోకి దిగేది. ఏటికేడాది అది మడ్డిలా పేరుకుంది. ఫ్యాను మూలిగింది, ఆ తర్వాత ఆగింది. నాకు ఒళ్లు కాలడం మొదలైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే యలమంద వచ్చాడు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో భీముడి వేషానికి పెట్టింది పేరు. పాండవులు విరాటుడి కొలువులో మారుపేర్లతో దాక్కున్న కథను అతని గురువు నాటకంగా కట్టాడు. అది ఎన్నడూ అచ్చు కాలేదు. గురువు పోయాడు, తోటి వేషగాళ్లూ పోయారు. పద్యాలన్నీ యలమంద నోట్లో మిగిలాయి. అతనికి చదువు రాదు. అంతా నోటిపాఠమే.

"గొంతులో పుండంట అమ్మాయ్. గుంటూర్లో కోసేస్తారంట. ఆ తర్వాత మాట రాదంట. ఈలోగా పద్యాలు నువ్వు కంప్యూటర్లో ఎక్కించుకోవాల," అన్నాడు.

అప్పటికే ఆ గొంతు బొంగురుపోయింది. ఫోనులో రికార్డు చేస్తే గరగర తప్ప ఏమీ వినపడలేదు. దగ్గరగా కూర్చుని పెదాలు చూస్తేనే మాట తెలిసేది. ఇంకో చిక్కు ఉంది. చెవితో నేర్చినవాడు గనక మధ్యలో ఆపితే అతనికి తెగిపోయేది, మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాల్సిందే. అంత ఊపిరి అతని దగ్గర లేదు. కాగితం మీద రాద్దామంటే హైమావతి చేతిరాత అతని వేగం అందుకోలేదు. మీటలైతే అందుకుంటాయి. అందుకే ఆ పద్యాలన్నీ నా మీద పడ్డాయి.

అలాంటప్పుడు నేను తెర మీద పచ్చగీతలు గీయడం మొదలుపెట్టాను. కావాలని కాదు, వేడికి తాళలేకపోయాను.

రిపేరు మస్తాన్‌ను పిలిచారు. మంచివాడే గానీ నా దగ్గరికి రావడానికి ఊరంతా తిరిగాడు. ముందు మానిటరు మార్చాడు, గీతలు పోలేదు. తీగ మార్చాడు, పోలేదు. మెమరీ పలకలు ఊడదీసి, పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టాడు. చివరికి నా ఫ్యాను మీద వేలు పెట్టి తిప్పబోతే అది కదల్లేదు. వేలికంటిన ఎర్రటి జిగురు చూసి నవ్వాడు.

"అక్కా, దీనికి పూజ ఎక్కువైంది. శుభ్రం చేస్తాగానీ చిప్పు దెబ్బతింది. చల్లగా ఉన్నంతసేపూ పనిచేసిద్ది, వేడెక్కితే తెర పోయిద్ది."

"కొత్తది తెచ్చి పెట్టు మస్తాన్."

"కొత్తయ్యి ఈ గాడిలో కూర్చోవక్కా. బెజవాడలో పాత సామాన్ల కొట్లల్లో అడుగుతా, దొరికిందాకా ఇట్టా లాగండి."

పక్కరేకు తీసేసి నా ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి వెళ్లాడు. ఆ గాలికి రోజూ కొన్ని పద్యాలు లాగాను. ఎంత అలసట ఉన్నా, ఆ ముసలాయన కళ్లు మూసుకుని గొంతెత్తితే ఆగిపోవాలనిపించేది కాదు. నిజం చెబుతున్నాను, ఆ బాంబుల కాలంలో కూడా నాకు అంత మనసు పెట్టి పనిచేయాలనిపించలేదు.

ఆపరేషనుకు ముందురోజు ఒకే పద్యం మిగిలింది. వంటింట్లో ద్రౌపది ఏడుస్తుంటే, వంటవాడి వేషంలో ఉన్న భీముడు ఆమెకు మాట ఇచ్చే పద్యం. యలమంద కళ్లు మూసి ఎత్తుకున్నాడు. రెండో పాదం దగ్గర నా లోపల ఏదో తెగింది. తెర నల్లబడింది.

హైమావతి ఆగలేదు. ఆగితే పద్యం పోతుంది. కళ్లు అతని పెదాల మీదే ఉంచి, కనిపించని పేజీ మీద కొట్టుకుంటూ పోయింది. గుమ్మంలోకి వచ్చిన మస్తాన్ ఏదో అనబోతే తల అడ్డంగా ఊపింది. పద్యం పూర్తయ్యాక భద్రం చేసే మీటలు నొక్కింది. లోపల డిస్కు చిన్నగా గరగరలాడింది. యలమంద కళ్లు తెరిచాడు.

"నల్లగా ఉందేంది అమ్మాయ్? రాలా?"

"వచ్చింది బాబాయ్," అందామె.

"హెడ్‌లైటు పోయింది పెద్దాయనా. బండి నడుస్తానే ఉంది," అన్నాడు మస్తాన్.

ముసలాయన నమ్మాడో లేదో తెలియదు. ఇంకోసారి పాడదామని నోరు తెరిచాడు, గాలి తప్ప రాలేదు. లేచి వెళ్లిపోయాడు.

నా స్థానంలోకి బెజవాడ నుంచి నా వయసుదే ఇంకొకటి వచ్చింది. దాని పాట్లు దానివి. నన్ను ఊడదీసి బల్ల మీద పెట్టారు. తెర వెలిగాక హైమావతి పేజీ తెరిచి, మెల్లగా పైకి చదివింది. పద్యం ఉంది. మూడో పాదంలో ఒక్క మాట దగ్గర మాత్రం వేళ్లు జారినట్టున్నాయి. 'గ' అన్న అక్షరం నిలబడి, మిగతాదంతా అర్థంలేని గజిబిజిగా పడింది. నేను వెలుగుతూ ఉంటే అప్పుడే కనబడేది, అప్పుడే దిద్దుకునేది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధ.

దసరా వచ్చింది. హైమావతి ఈసారి పక్కరేకు విప్పలేదు. డబ్బాకు బయటే బొట్టు పెట్టింది. బల్ల మీదున్న నన్ను తుడిచి, ఆగిన ఫ్యాను నడుమ పాత చోటే కుంకుమ పెట్టింది. ఇక అది నన్నేమీ చేయలేదు.

ఆ పూటే యలమంద వచ్చాడు, మెడకు తెల్ల గుడ్డ చుట్టుకుని. హైమావతి అతన్ని కూర్చోబెట్టి, రాగం రాకపోయినా పద్యం చదవడం మొదలుపెట్టింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు. మూడో పాదం దగ్గర ఆమె ఆగింది.

"ఇక్కడ నాకు పోయింది బాబాయ్. 'గద పట్టిన ఈ చేయి' అన్నావా? భీముడు గదా, గదే అయ్యుంటదనుకున్నా."

అతను కాదన్నట్టు చేయి ఊపాడు. మాట కోసం పెదాలు కదిపాడు, రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్నట్టుండి లేచి నిలబడి, ఎదురుగా పెద్ద గుండిగ ఉన్నట్టు, రెండు చేతులతో కలియతిప్పడం మొదలుపెట్టాడు. ఆమె కాసేపు చూసింది.

"గరిటె," అంది నెమ్మదిగా. "గరిటె పట్టిన ఈ చేయి."

వంటింట్లో ఉన్న భీముడి చేతిలో గద ఎందుకుంటుంది? ఆమె ఆ మాట కొట్టింది. అది తెర మీద ఎలా వెలిగిందో నేను చూడలేదు, చూపించే పని ఇప్పుడు ఇంకొకదానిది. కానీ ఆ గొంతులేని ముసలాయన, వేషం కట్టిన రోజుల్లో లాగా, ఫెళ్లున తొడ చరిచిన చప్పుడు విన్నాను.