గెడ్డ దారిలో వెదురు

"పోసీయండి మాస్టారూ, బండిలోన పోసీయండి. బేగి. ఎనకాల ఇంకా మంది ఉన్నారు."

కనక ఒక చేత్తో వెదురు బొంగును దారికి అడ్డంగా పట్టుకుని, రెండో చేత్తో తోపుడుబండి మీది గోనెపట్టా ఎత్తింది. అరకు మంచు ఇంకా విడలేదు. రిటైరైన టైటస్ మాస్టారు మంకీ క్యాప్‌లోంచి రోజూలాగే ఆ వెదురును కోపంగా చూశారు. దాని అవతల దారి పల్లంలోకి దిగి గెడ్డ అనే కొండవాగును చేరుతుంది. ఒకప్పుడు వీధి వీధంతా చెత్త అక్కడే పారబోసేది. మాస్టారు ఏదో గొణుక్కుంటూ బకెట్ బండిలో బోర్లించి వెళ్లిపోయారు.

చైత్రంలో ఇటుకల పండగ వస్తే కొండ ఊళ్లలో మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు వెదురు కర్ర అడ్డంపెట్టి వచ్చేపోయే జీపులను ఆపుతారు. చేతిలో ఏదో ఒకటి పెట్టందే కర్ర లేవదు. ఎంత పెద్ద ఆఫీసరైనా దాన్ని తోసుకుని పోడు. పంచాయతీ వీధులు ఊడ్చే కనక, ఒక ఏడు పండగైన మర్నాడు ఆ వెదురును ఇంటికి తీసుకుపోకుండా గెడ్డ దారిలో అడ్డంపెట్టి నిలబడింది.

"పండగైపోనాది కదే" అని జనం నవ్వారు.

"మీకైపోనాది. నాకింకా అవ్వలేదు" అంది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకున్నారు. అనుకున్నారే గానీ, పండగ కర్రను దాటడానికి ఎవరికీ కాలు రాలేదు. తిట్టుకుంటూనే బకెట్లు ఆమె బండిలో బోర్లించారు. ఆ తిట్టుకోవడం అలవాటైపోయింది, బోర్లించడమూ అలవాటైపోయింది.

కనక పొట్టి మనిషి. ముంజేతుల నిండా పచ్చబొట్లు, పిక్కల పైకి బిగించి కట్టిన చీర, దాని మీద పంచాయతీవాళ్లిచ్చిన ఆకుపచ్చ కోటు. ఆ కోటును రోజూ ఉతికి పొయ్యి మీద దండేనికి ఆరేస్తుంది కాబట్టి ఆమె దగ్గర ఎప్పుడూ కట్టెపొగ వాసన వేస్తుంది. ఆమె ఊరు గెడ్డకు దిగువన ఉంది. పైనవాళ్లు పారేసిన బిర్యానీ పొట్లాలు, పిల్లల డైపర్లు కొట్టుకొచ్చి ఆ ఊరి ఆడవాళ్లు బిందెలు ముంచేచోట తేలేవి. కర్ర పెట్టాక ఒక వానాకాలం గడిచి, నీళ్ల అడుగున గులకరాళ్లు మళ్లీ కనిపించిన రోజున కనక వాటిని తానే కడిగి పేర్చినంత గర్వపడింది. ఆ గర్వం ఆమె ఎవరికీ చెప్పలేదు. నడకలో మాత్రం తెలిసిపోయేది.

ఆ రోజు మధ్యాహ్నం గ్రామసభ. ఇంటింటికీ చెత్తబండి తిప్పాలా వద్దా అన్నది తేల్చాలి. ఉదయం నుంచీ ఎడమచెయ్యి లాగుతున్నా కనక బజారంతా ఊడ్చి, కోటు దులుపుకుని, పంచాయతీ ఆఫీసు షెడ్డులో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

టూరిస్టుల చెత్తకు మేమెందుకు డబ్బులు కట్టాలని ఒకరు, మా ఇంట్లో అసలు చెత్తే ఉండదని ఇంకొకరు. అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. చివరికి టైటస్ మాస్టారు లేచారు.

"బండెందుకండీ? కనక ఉందిగా. మన గెడ్డ ఎంత శుభ్రంగా ఉందో చూడండి."

అందరూ చప్పట్లు కొట్టారు. పొగడ్తే. కానీ కనకకు గుండెల్లో కలుక్కుమంది. ఇన్నేళ్ల తన కష్టమే బండి రాకుండా అడ్డం పడుతోంది. ఆమె స్తంభం పట్టుకుని లేచింది.

"నాను ఒక్క దారికే అడ్డం ఉన్నాను మాస్టారూ. ఊరికి ఎన్ని దారులున్నాయి? కనకుందని బండొద్దంటే, ఆ కనకనే వద్దనండి. రేపటాల నుండి ఆ ఎదురుకర్ర తీసీత్తాను. బండి రానీండి."

సర్పంచ్ రాజకుమారి గడియారం చూసుకుని, వచ్చే నెల మళ్లీ మాట్లాడుకుందామంది. జనం కుర్చీలు జరుపుకుంటూ లేచిపోయారు.

అన్నమాట ప్రకారం వెదురు తెచ్చేసుకుందామనే కనక గెడ్డ దారికి వెళ్లింది. సిల్వర్ ఓక్ చెట్టుకు ఆనించిన కర్రను చేతిలోకి తీసుకుంది. కింద పల్లంలో తన ఊరి ఆడవాళ్లు బిందెలు ముంచుతున్నారు. ఎవరో నవ్వుతున్నారు. ఆమె చాలాసేపు అలా చూస్తూ నిలబడింది. తరవాత పొదలోకి దిగి రెండు పంగల కొమ్మలు నరికి, దారికి ఆ పక్కొకటి ఈ పక్కొకటి పాతి, వెదురును వాటి మీద అడ్డంగా పెట్టింది.

"సెయ్యి నెప్పెడతంది. నువ్వే సూసుకో" అంది దానితో, కూతురికి ఇల్లు అప్పగించినట్టు.

ఇంటికెళ్లి కోటు ఉతికి ఆరేసి, రాగి అంబలి తాగి పడుకుంది. మళ్లీ లేవలేదు.

తెల్లారి టైటస్ మాస్టారు బకెట్‌తో వచ్చేసరికి కర్ర ఉంది, కనక లేదు. వెనక మరికొందరు బకెట్లతో చేరారు. కింద ఊరి నుంచి పైకి వస్తున్న మనిషి కబురు చెప్పాడు.

కాలెత్తితే చాలు, గెడ్డ ఎదురుగానే ఉంది. ఆపేవాళ్లు లేరు. మాస్టారు చర్చి మనిషి, ఆయనకు ఇటుకల పండగతో సంబంధమే లేదు. ఆయన మంకీ క్యాప్ తీసి కాసేపు చేత్తో పట్టుకున్నారు. తరవాత నిండు బకెట్‌తోనే వెనక్కి తిరిగి సర్పంచ్ ఇంటివైపు నడిచారు. మిగిలినవాళ్లూ వెంట నడిచారు.

రాజకుమారి తలుపు తీసేసరికి వాకిట్లో బకెట్లు, వాటి వెనక మనుషులు.

"వచ్చే నెల దాకా ఎందుకమ్మా, బండికి తీర్మానం ఇవాళే రాయించండి" అన్నారు మాస్టారు.

ఇప్పుడు బండి అన్ని వీధులకూ వస్తోంది. గెడ్డ దారిలో ఎవరికీ పని లేదు. వెదురు మాత్రం ఆ రెండు పంగల మీద అలాగే ఉంది, ఎండకీ మంచుకీ నెరిసిపోయి, కనక చెయ్యి పట్టినచోట ఇంకా నున్నగా మెరుస్తూ.