బరువు మీటలు

షట్టరు ఇంకా సగమే లేచింది. అప్పటికే ప్రభుదాస్ వంగి లోపలికి దూరి, మెత్తటి గుడ్డతో కీబోర్డుల మీటలు తుడుస్తున్నాడు. సికింద్రాబాద్ గడియారస్తంభం దగ్గరున్న ఆ వాద్యాల దుకాణంలో ఇరవై తొమ్మిదేళ్లుగా అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది. బట్టతల, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఓనర్లు ఇద్దరు మారారు గాని అతను మారలేదు.

అతని సలహా కూడా మారలేదు. పియానో నేర్చుకుంటామని ఎవరొచ్చినా బరువు మీటల కీబోర్డే కొనమంటాడు. లోపల సుత్తులుంటాయి కనుక అసలు పియానోలాగే గట్టిగా నొక్కాలి. స్ప్రింగుల మీద నడిచే తేలిక మీటలు అతని లెక్కలో పిల్లల బొమ్మలు. వేళ్లు నొప్పని ఎవరైనా మూలిగితే, "వారం ఓపిక పట్టండి, బలం అదే వస్తది" అంటాడు. చాలామంది విషయంలో ఆ మాట నిజమే అయింది. వచ్చిన చిక్కల్లా అదే.

పోయిన నెల ఎమిలీ టీచరమ్మకూ బరువుదే ఇప్పించాడు. సీతాఫల్‌మండిలో ఉంటుందావిడ. చర్చిలో నలభై ఏళ్లు పియానో వాయించింది. చిన్నప్పుడు ప్రభుదాస్‌కు స్వరాలు నేర్పిందీ ఆవిడే. పక్షవాతంతో కుడిచెయ్యి సగం పడిపోయాక, ఒక్క కీర్తనైనా మళ్లీ రెండు చేతులతో వాయించాలని ఆమె కోరిక. పది రోజుల కింద కూతురు జెనిఫర్ ఫోన్ చేసి, "అమ్మకు మీటలు దిగుతలేవు అంకుల్, లైట్‌వి ఉన్నది మార్చి ఇస్తరా?" అని అడిగింది. "వారం ఓపిక పట్టమ్మా" అన్నాడు, అలవాటుకొద్దీ.

పదకొండింటికి అనసూయమ్మ వచ్చింది. మోండా మార్కెట్‌లో గాజుల కొట్టు ఆమెది. అరవై దాటాక వాయించాలని సరదా పుట్టింది. బరువు మీట ఒకటి నొక్కి, వేలు వెనక్కి తీసుకుంది.

"గిదేంది సార్, పిండి రుబ్బినట్టుంది. జెర తేలికది చూపియ్యి."

"నేర్చుకునేటప్పుడు ఇదే మంచిదమ్మా. వేళ్లకు బలం వస్తది."

"బలం ఏం జేసుకుంట? పరీక్ష రాసేదున్నదా, కుస్తీ పట్టేదున్నదా? నాకు పాట గావాలె."

ఆమె నవ్వుతూనే అంది. ప్రభుదాస్ మాత్రం నవ్వలేకపోయాడు. టీచరమ్మకూ కావలసింది పాటే కదా, ఈపాటి ముక్క తనకెందుకు తట్టలేదని సిగ్గుపడ్డాడు. అనసూయమ్మకు తేలికది కట్టించి, ఓనర్‌తో చెప్పి అలాంటిదే ఇంకొకటి తీసుకుని ఆటో ఎక్కాడు. పెట్టె ఒళ్లో పెట్టుకుని, టీచరమ్మ ఏ కీర్తనతో మొదలుపెడితే బాగుంటుందా అని దారిపొడుగునా ఆలోచించాడు.

గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. ఆదివారం కాదు కదా, ప్రార్థన కూడిక ఏమిటా అనుకుంటూ పెట్టె వరండాలో దించాడు. జెనిఫర్ ఎదురొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"పొద్దున తొమ్మిదింటికి అంకుల్. టిఫిన్‌కి లేపితే లేవలే. మీకు ఫోన్ చేద్దామనేలోపు అందరొచ్చేసిండ్రు."

ముందుగదిలో టీచరమ్మను తెల్లచీరలో పడుకోబెట్టారు. ప్రభుదాస్ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. జెనిఫర్ వైపు తిరిగి, "ఏమన్నా వాయించిందామ్మా?" అని అడిగాడు.

"రోజూ కూర్చునేది. నిన్న కూడా గంట కూర్చున్నది. కుడిచేతికి ఒక్క మీట దిగలే. మీకు ఇంకోసారి ఫోన్ చేస్తానంటే వద్దన్నది. 'ప్రభుదాస్ తప్పు చెప్పడే, నా వేళ్లదే తప్పు' అన్నది."

ఈ ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కరైనా తన మాట తప్పు అని మొహం మీద తిట్టి పోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది ప్రభుదాస్‌కు. టీచరమ్మ పాదాల దగ్గర తల వంచి ఏడ్చాడు. జెనిఫర్ భుజం మీద చెయ్యి వేస్తే, దానికీ తనకు అర్హత లేదనుకున్నాడు. ఏం తెచ్చాడో ఆమెకు చెప్పలేదు.

సాయంత్రం సమాధుల తోట నుంచి జనం ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ప్రభుదాస్ కూడా అటునుంచి అటే ఇంటికి నడిచాడు. సీతాఫల్‌మండి వరండాలో, చెప్పులు లేక ఖాళీ అయిన చోట, తేలిక మీటల కీబోర్డు టేపైనా విప్పని అట్టపెట్టెలో గోడకు ఆనుకుని ఉంది.